అర్ధశతాబ్దము మరుగుపడిన ఇనుప వలయము

1882వ సంవత్సరము సెప్టెంబరు 4వ తేదీన న్యూయార్కు నగరమందు పెర్ల్ వీథిలో థామస్ ఎడిసన్ తన విద్యుత్కేంద్రమును నడిపింప నారంభించినప్పుడు, ఆవిరియంత్రములు త్రిప్పిన డైనమోలనుండి వెలువడిన విద్యుత్తు చుట్టుపట్ల నున్న కొలదిపాటి వీథులకు వెలుగునిచ్చి అంతటితో ఆగిపోయినది. దీపముల కనుకూలమని ఎడిసన్ ఎన్నుకొనిన వోల్టేజి సుమారు 110 వోల్టులు. అంత తక్కువ వోల్టేజితో ఒక మైలు దాటి విద్యుత్తును పంపవలెనన్నచో, దీపములకును యంత్రములకును పెట్టిన సొమ్ము కంటె తీగలలోని రాగికి పెట్టవలసిన సొమ్మే అధికమగును. కేంద్రమునకు దూరముగా నివసించువాడు ఎంత సంపన్నుడైనను, మరియొక కేంద్రము తన పేటలో వెలయువరకు కిరసనాయిలు దీపముతోనో గ్యాసు దీపముతోనో కాలము గడపవలసినదే. నదులు కొండల నుండి దుముకు చోట్ల జనులు లేరు. జనులు క్రిక్కిరిసి యున్న నగరములలో దుముకు నదులు లేవు. ఈ రెంటిని కలుపు త్రోవ అప్పటి కింకను పడలేదు.

చిక్కు ఎక్కడ నున్నదో చిన్న లెక్కతో తేల్చుకొనవచ్చును. పదివేల వాట్ల శక్తిని 100 వోల్టులతో పంపదలచినచో తీగలో 100 ఆంపియర్ల ప్రవాహము పోవలెను. పోక తీగ, రాక తీగ రెంటి నిరోధమును కలిపి అర ఓము మాత్రమే యనుకొన్నను, ప్రవాహపు వర్గమును నిరోధముచే గుణింపగా వచ్చు 5,000 వాట్లు, అనగా పంపిన శక్తిలో సరిగా సగము, త్రోవలోనే వేడిమియై గాలిలో కలిసిపోవును; 100 వోల్టులలో 50 వోల్టులు తీగకే ఖర్చగును గావున ఆవలి కొసనున్న దీపము ఎర్రబడి మినుకుమినుకుమనును. అదే శక్తిని 1,000 వోల్టులతో పంపినచో ప్రవాహము 10 ఆంపియర్లు, నష్టము 50 వాట్లు. వోల్టేజిని పదింతలు పెంచినచో అదే తీగలో నష్టము నూరవవంతునకు దిగును. ఇంతపాటి లెక్క ఎడిసనుకు గాని ఆ కాలపు ఇంజనీర్లకు గాని తెలియదనుకొనరాదు. తెలిసియు వారు చేయగలిగినది లేదు; ఏలనన వేయి వోల్టుల తీగను గృహస్థుని పడకగదిలోనికి తెచ్చుటకు ఎవరికి ధైర్యము చాలును? త్రోవ పొడవున హెచ్చుగను, ఇంటి గడప దాటిన పిమ్మట తగ్గుగను వోల్టేజి ఉండవలెనన్నచో నడుమ దానిని మార్చు సాధన మొకటి కావలెను. ఆ సాధనము అప్పటికి ఏబదియొక్క సంవత్సరములుగా లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషను వారియొద్ద ఉండనే యున్నది.

దానిని చేసినవాడు మైకేల్ ఫారడే. కమ్మరి కుమారుడు, పుస్తకములకు అట్టలు కట్టువానియొద్ద పని నేర్చుచు, కట్టవచ్చిన పుస్తకములను చదివి శాస్త్రజ్ఞుడైన వాడు. విద్యుత్ప్రవాహము చెంత అయస్కాంతసూచి దిక్కు తప్పునని 1820లో ఓర్‌స్టెడ్ చూపిన నాటినుండి, విద్యుత్తు అయస్కాంతత్వమును పుట్టింపగలిగినప్పుడు అయస్కాంతత్వము మాత్రము విద్యుత్తును ఏల పుట్టింపరాదను ప్రశ్న యూరపు ప్రయోగశాలలలో తిరుగాడుచుండెను. ఫారడే పది సంవత్సరముల కాలములో మరల మరల ఈ ప్రశ్నకు వచ్చి, ఫలము కానక మరలిపోయి, తుదకు 1831 ఆగస్టు 29వ తేదీన దాని కొక సమాధానము కనుగొనెను. ఆనాడు ఆయన చేతనున్న వస్తువు మెత్తని ఇనుముతో చేయించిన ఒక వలయము: వెలుపలి వ్యాసము ఆరు అంగుళములు, కడ్డీ మందము అంగుళమునకు కొంచెము తక్కువ, అనగా ఎనిమిదింట ఏడువంతులు. వలయపు సగభాగముమీద ఒక్కొక్కటి ఇరువది నాలుగడుగుల పొడవుగల మూడు రాగితీగలను, తక్కిన సగముమీద అన్నియు కలిసి అరువది అడుగుల వరకు వచ్చు తీగలను చుట్టెను. తీగ తీగకు తగులకుండ చుట్టు చుట్టునకు నడుమ దారమును, వరుస వరుసకు నడుమ నూలుగుడ్డను వేసెను. నేడు ఎనామిలు పూత పూసిన తీగయు, నూనెలో నానిన కాగితమును చేయుచున్న పనిని ఆనాడు సామాన్యపు దారపుటుండయు కాలికో గుడ్డయు చేసినవి. ఆ చుట్టుట కెన్ని దినములు పట్టెనో గాని, ప్రయోగము మాత్రము క్షణములలో ముగిసినది. ఒక ప్రక్క చుట్టను బ్యాటరీకి తగిలించిన తక్షణమే, మూడడుగుల దూరమున నుంచిన సూచి చటుక్కున కదలి, కొంత యూగి, మరల తన పూర్వస్థానమున నిలిచెను. బ్యాటరీ ప్రవాహము ధారాళముగా పోవుచున్నంతసేపు సూచిలో చలనము లేదు. తగులు విడదీసిన క్షణమున మరల కదలెను. ఈమారు ఎదురు దిక్కునకు.

ఆ కదలికలోనే సర్వము నిమిడియున్నది. నిలుకడగా నున్న అయస్కాంతత్వము ప్రక్కచుట్టలో ఏమియు పుట్టింపజాలదు. పెరుగుచున్నప్పుడును తరుగుచున్నప్పుడును మాత్రమే వోల్టేజిని ప్రేరేపించును. ఒకే ఇనుమును చుట్టుకొనియున్న చుట్లన్నియు ఆ పెరుగుదల తరుగుదలలను ఒక్కతీరుగనే అనుభవించును గావున, ఒక్కొక్క చుట్టునకు ఇంత యని సమానముగా వోల్టేజి పుట్టును. మొదటి చుట్టలో నూరు చుట్లును రెండవదానిలో వేయి చుట్లును ఉన్నచో వోల్టేజి పదింతలగును. శక్తి యనునది శూన్యమునుండి పుట్టదు గావున ప్రవాహము పదవవంతునకు దిగును. రెండవదానిలో పది చుట్లే యున్నచో ఇదంతయు తారుమారగును. రెండు చుట్టలకు నడుమ రాగితో రాగికి ఎట్టి సంబంధమును లేదు. ఒక చుట్టలోనికి పోయిన శక్తి ఇనుములోని అయస్కాంతత్వము త్రోవన రెండవచుట్టను చేరుచున్నది. ఆ ఇనుము కొసలు లేని మూసిన వలయమైనందున అయస్కాంతరేఖలకు గాలిలో పడవలసిన అవసరము లేదు. రెండు చుట్టలు, మూసిన ఇనుము: నేటి ట్రాన్స్‌ఫార్మరునకు కావలసిన అంగములు మొదటి దినముననే ఫారడే చేతిలో సమకూడినవి. అమెరికాలో ఆల్బనీనగరమున జోసెఫ్ హెన్రీ ఈ ప్రేరణసూత్రమునే స్వతంత్రముగా కనుగొనెనని చరిత్రకారు లంగీకరింతురు.

అట్లయినచో మిగిలిన ఏబది సంవత్సరములు లోకము ఏమి చేయుచుండెను? ఈ ప్రశ్న నన్ను చాలకాలముగా వెన్నాడుచున్నది. దీనికి ఆ కాలపు వారి మందబుద్ధి కారణమని చెప్పి త్రోసివేయుట అన్యాయము. ఆనాడు విద్యుత్తు నిచ్చునది బ్యాటరీ. దాని ప్రవాహము ఎల్లప్పుడు ఒక్క దిక్కునకే పోవును. పెరుగుట తరుగుట లేని ప్రవాహముతో వలయము పనిచేయదు. తగిలించుచు విడదీయుచు ఉండవలెను. ఐర్లండులోని మేనూత్ కళాశాలలో ఆచార్యుడై యుండిన నికొలస్ కాలన్ అను మతగురువు 1836 ప్రాంతమున ఈ పనికే ఒక సాధనమును కల్పించి, తక్కువ చుట్లుగల లావుతీగను, మిక్కిలి యెక్కువ చుట్లుగల సన్నతీగను ఒకే ఇనుముమీద చుట్టి, చిన్న బ్యాటరీనుండి గొప్ప వోల్టేజిని రప్పించెను. ప్యారిసులో పరికరములు చేయుచుండిన జర్మను పనివాడు రూమ్‌కార్ఫ్ ఆ చుట్టకు మెరుగులు దిద్ది మైళ్లకొలది తీగను చుట్టి, పొడవైన మిరుమిట్లను పుట్టింపగా, మూడవ నెపోలియను చక్రవర్తి పేర 1864లో ఆయనకు 50,000 ఫ్రాంకుల బహుమాన మిచ్చిరి. ఈ చుట్టలు కోరినది మిరుమిట్లను. తగులు విడదీసినప్పుడు ఇనుములోని అయస్కాంతత్వము ఎంత వేగముగా కూలిపోయిన అంత పెద్ద మిరుమిట్లు పుట్టును. మూసిన వలయములోని అయస్కాంతత్వమో, ప్రవాహము ఆగిన పిమ్మటను చాలవరకు అందే నిలిచిపోవును. రెండు కొసలును గాలిలో తెరచియున్న కడ్డీలో అది తటాలున కూలును. అందుచేత పనివారు బుద్ధిపూర్వకముగనే వలయమును విడిచి కడ్డీని పట్టిరి. వారి ప్రయోజనమునకు కడ్డీయే మేలు. ఆ విధముగా రెండు తరములవారి చేతులు కడ్డీకి అలవాటుపడినవి; ఏకాంతర ప్రవాహము వచ్చి, మిరుమిట్లకు బదులు నిత్యమును నిలిచి వెలుగు దీపములను కోరిన కాలమున సైతము, ఆ అలవాటు వదలలేదు.

ఏకాంతర ప్రవాహ మనగా సెకనునకు పలుమారులు దిక్కు మార్చుకొనుచు, ఎల్లప్పుడును పెరుగుచునో తరుగుచునో ఉండునది. దానికి తగిలించి విడదీయు సాధనముతో పనిలేదు. డైనమోలనుండి నేరుగా ఇట్టి ప్రవాహమును రాబట్ట వీలైన పిమ్మట, ఫ్రాన్సు దేశీయుడు ల్యూసియెన్ గోలార్, ఆయనకు ధనసాహాయ్యము చేసిన ఆంగ్లేయుడు జాన్ డిక్సన్ గిబ్స్ కలిసి 1882లో ఒక పేటెంటు పొందిరి. మరుసటి యేట లండనులో మెట్రోపాలిటన్ రైలు స్టేషనులు కొన్నింట వారి యంత్రములతో దీపములు వెలిగినవి. 1884లో ట్యూరిన్ ప్రదర్శనమందు వారు చూపినది ఇంకను గొప్పది: నగరమునుండి ఆల్ప్స్ పర్వతపాదమున నున్న లాన్జో వరకు సుమారు నలుబది కిలోమీటర్ల దూరము ఒకే వలయముగా తీగలాగి, దారి పొడవున స్టేషనులలో వేరువేరు విధముల దీపములను వెలిగించిరి. పెర్ల్ వీథి దీపములు వెలిగి అప్పటికి ఇంచుమించు రెండేండ్లే. విద్యుత్తు పర్వతముల చెంతకు పోగలదని కన్నులార చూచినవారికి కలిగిన యాశ్చర్యమును నేటి మనము ఊహించుట సులభము కాదు.

అయినను ఆ యంత్రములో రెండు లోపములుండినవి. నడిమి యినుము అలవాటు ప్రకారము కొసలు తెరచిన కడ్డీ. చుట్టలలో తీగకు బదులు రాగిబిళ్లలను ఒకదానిపై నొకటి పేర్చిరి. రెండువైపుల చుట్ల సంఖ్య ఇంచుమించు సమానము. అనగా వోల్టేజిని మార్చునది చుట్ల నిష్పత్తి కాదు. యంత్రముల మొదటి చుట్టలన్నిటిని ఒకదాని వెనుక నొకటిగా శ్రేణిలో కలిపినందున త్రోవలోని వోల్టేజిని అవి తమలో తాము పంచుకొనెడివి. గోదావరి మండలమందలి రైతునకు దీని దోషమును విప్పి చెప్ప నక్కరలేదు: పై మడినుండి క్రింది మడికి, క్రింది మడినుండి దాని క్రింది మడికి నీరు పారవలసిన చేనిలో ఎగువవాడు గట్టు కట్టినను గట్టు తెంచినను దిగువవాని పంట తలక్రిందులగును; ప్రతి మడికిని కాలువమీద తన తూము తనకున్నచో ఒకరి జోలికి ఒకరు పోవలసిన పనియుండదు. గోలార్ యంత్రములు మొదటి తరహావి. ఒక స్టేషనులో కొన్ని దీపములార్పిరా, తక్కిన స్టేషనులలో వెలుగు మారును. దానిని సరిచూచుటకు గోలార్ కడ్డీని చేతితో పైకి లాగియు క్రిందికి దింపియు సవరించు ఏర్పాటు చేసెను. ఊరంతటికి దీపములిచ్చు నాడు ప్రతి పెట్టెచెంతను ఒక మనిషిని కాపుంచుట యెట్లు పొసగును?

ట్యూరిన్‌లో దానిని పరిశీలించినవారిలో బుడాపెస్టునగరపు గాంజ్ కర్మాగారమునకు చెందిన యువకులు కలరు. ఓట్టో బ్లాతీకి అప్పటికి ఇరువదినాలుగేండ్లు. ఆయన సహచరులు కారోయ్ జిపెర్నోవ్‌స్కీ, మిక్షా డేరీ ముప్పదియేండ్లకు అటునిటు వారు. ఆ సంవత్సరము సెప్టెంబరు మాసములోనే గాంజ్ కర్మాగారమున వారి మొదటి ట్రాన్స్‌ఫార్మరు తయారైనది: 1,400 వాట్లు, సెకనునకు 40 ఆవర్తనములు, 120 వోల్టులను 72 వోల్టులుగ మార్చునది. చూచుటకు చిన్నదే; కాని దాని నడిమి యినుము మరల మూసిన వలయమైనది. వలయ మనినంతమాత్రమున ఫారడే వాడినట్టి గట్టి కడ్డీ యని తలపరాదు. గట్టి ఇనుములో మారుచున్న అయస్కాంతత్వము ఆ యినుముననే సుడిప్రవాహములను పుట్టించి దానిని కాల్చివేయును. అందుచేత వారు సన్నని ఇనుపతీగను, తీగకు తీగ తగులకుండ, కట్టగాచుట్టి వలయము చేసిరి. ఒక రకములో ఇనుపతీగల వలయముమీద రాగిచుట్టలను చుట్టిరి. మరియొక రకములో రాగిచుట్టలనే వలయముగా పేర్చి, దాని నంతటిని ఇనుపతీగతో కప్పి చుట్టిరి. లోపలిది వెలుపలికి, వెలుపలిది లోపలికి వచ్చినను అయస్కాంతరేఖల త్రోవ మూసియుండవలెనన్న నియమ మొక్కటియే. నేటి ఇంజనీర్లు వాడుచున్న రెండు నిర్మాణరీతులును ఆనాటినుండి వచ్చినవే.

వలయము మూయుటకును, తూములవలె యంత్రములను సమాంతరముగా కలుపుటకును గల సంబంధమే ఈ చరిత్రలో నాకు మిక్కిలి యింపైన ఘట్టము. తెరచిన కడ్డీలో అయస్కాంతరేఖలు గాలిగుండ తిరిగి రావలెను. గాలిలో వానిని నడుపుటకు గొప్ప ప్రవాహము కావలెను గావున, రెండవప్రక్క ఒక్క దీపమైనను లేకున్నను మొదటి చుట్ట వట్టి అయస్కాంతత్వమునకే దండిగా విద్యుత్తును లాగుకొనుచుండును. అట్టివానిని పదింటిని ఒక తీగజంటకు సమాంతరముగా తగిలించినచో కేంద్రములోని యంత్రము ఊరక మోయవలసిన బరువు మోయరాని దగును. మూసిన వలయములో అయస్కాంతత్వమునకు కావలసిన ప్రవాహము అత్యల్పము. మొదటి చుట్టలో తిరిగి పుట్టు ఎదురు వోల్టేజి వచ్చిన వోల్టేజికి ఇంచుమించు సరిపోవును. దీపము వెలిగించిననాడు ఎంత అవసరమో అంతమాత్రమే ప్రవాహము లోనికి వచ్చును, ఆర్పినంతనే దానంతట అది తగ్గును. కాపలా మనిషి చేయవలసిన సవరింపును వలయమే చేసికొనును. వోల్టేజి ఎల్లచోట్ల ఒక్కటిగనే నిలుచుటచే చుట్ల నిష్పత్తి నిర్భయముగ తన పని చేయగలిగినది. 1885లో వారు పేటెంట్లు పొందిరి; అదే సంవత్సరము బుడాపెస్టు జాతీయ ప్రదర్శనమునందు వేయికి పైగా దీపములు ఈ విధముగ వెలిగినవి.

గోలార్ కథ మాత్రము దుఃఖాంతము. ఆయన పేటెంటు చెల్లదని ఇంగ్లండులో ఫెరాంటీ అను ఇంజనీరు పక్షమువారు న్యాయస్థానమున వాదించి నెగ్గిరి. ఫారడే వలయమును రూమ్‌కార్ఫ్ చుట్టను చూపి, ఇందు క్రొత్త యేమున్నదని యడిగినచో సూత్రము మేరకు ఉత్తరము చెప్పుట నిజముగ కష్టమే. కాని చెంతనున్న మిరుమిట్లకు మాత్రమే ఉపయోగపడు వస్తువును నలుబది కిలోమీటర్ల తీగకు నడుమ నిలువబెట్టిన సాహసము ఆయనది. ఆ యంత్రమే ట్యూరిన్‌లో కనబడకున్నచో బుడాపెస్టులో వలయ మప్పుడే మూతపడెడిదని నేను నమ్మజాలను. మనస్సు చెదరి, 1888 నవంబరులో ప్యారిసునందు సెంతాన్ మానసిక చికిత్సాలయమున గోలార్ మరణించెను. వయస్సు ముప్పదియెనిమిది.

అమెరికాలో జార్జి వెస్టింగ్‌హౌస్ గోలార్, గిబ్స్‌ల హక్కులను కొని కొన్ని యంత్రములను తెప్పించి, వానిని సంస్కరించు పనిని విలియం స్టాన్లీకి అప్పగించెను. ఆరోగ్యము చెడి మసాచుసెట్స్ రాష్ట్రమున గ్రేట్ బారింగ్టన్ అను చిన్నయూర నివసించుచుండిన స్టాన్లీ, 1886 మార్చి 20వ తేదీన ఆ యూరి ప్రధానవీథి అంగళ్లకు 500 వోల్టుల తీగనుండి 100 వోల్టులకు దింపి దీపములు వెలిగించెను. ఆయన చేసిన మేలు సూత్రమునకంటె పనితనమునకు సంబంధించినది. మూసిన వలయమునకు తీగ చుట్టవలెనన్నచో ప్రతి చుట్టును వలయపు బొక్కగుండ చేతితో దూర్చి లాగవలెను. మిక్కిలి ఆలస్యము, మిక్కిలి ఖర్చు. స్టాన్లీ పలుచని ఇనుపరేకులను, రాగిచుట్టలోనికి దూర్ప వీలగు ఆకృతిలో కత్తిరించి, రాగిచుట్టను విడిగా ముందే చుట్టి, పిమ్మట రేకులను ఒక్కొక్కటిగా అందులో దూర్చి పేర్చెను. చుట్టుట తిరుగు యంత్రమునకును, పేర్చుట మనిషి చేతులకును పంపకమైనది. ఆ యేడు ముగియకముందే బఫెలో నగరమున వ్యాపారకేంద్రము వెలసినది.

తదనంతర చరిత్ర వేగముగ నడచినది. 1891లో జర్మనీయందు నెకార్ నదిపై లౌఫెన్‌లోని జలశక్తిని 175 కిలోమీటర్ల దూరమున నున్న ఫ్రాంక్‌ఫర్టు ప్రదర్శనమునకు సుమారు 15,000 వోల్టులతో పంపిరి. రెండు కొసలను నూనెలో మునిగిన ట్రాన్స్‌ఫార్మర్లు. పంపిన దానిలో నాలుగింట మూడువంతులు దక్కినది. వేయి దీపములు వెలుగుటయే గాక, ఆ విద్యుత్తు నడిపిన పంపు ప్రదర్శనశాలలో ఒక కృత్రిమ జలపాతమును దుమికించినది. ఆ దృశ్యమును చూచిన పిమ్మట, ఒక్క దిక్కునకే పోవు ప్రవాహము మేలా, ఏకాంతర ప్రవాహము మేలా అను వాదోపవాదములకు బలము తగ్గినది.

దక్షిణభారతమునకు ఈ విద్య వచ్చిన తీరు తెలుగువారికి కొంత సన్నిహితమైనది. మైసూరు దివాను శేషాద్రి అయ్యరు కాలమున, కెనడాలో పుట్టి రాయల్ ఇంజనీర్సునందు పనిచేయుచుండిన జోలీ డ లోత్బినియేర్ కావేరీనది శివసముద్రము వద్ద దుముకుచోట కేంద్రమును నిర్మించి, ఆ శక్తిని 92 మైళ్ల దూరమున నున్న కోలారు బంగారుగనులకు పంపు నుపాయమును సిద్ధపరచెను. చిత్తూరుసీమ సరిహద్దున నున్న ఆ గనులలో తెలుగు, తమిళ కార్మికులు పెక్కుమంది పనిచేయుచుండిరి. లోతుగనులనుండి నీటిని తోడుటకు, గాలిని నింపుటకు, రాతిని నలుగగొట్టుటకు అప్పటివరకు ఆవిరియంత్రములు రాత్రింబవళ్లు కట్టెలను బొగ్గును మ్రింగుచుండెను. బరువు యంత్రములను అడవిదారుల ఏనుగులతోను ఎడ్లబండ్లతోను చేరవేసిరి. 1902 జూన్ 30వ తేదీన కేంద్రము పనిచేయ నారంభించునాటికి శేషాద్రి అయ్యరు జీవించి లేడు. తొమ్మిది నెలల క్రిందటనే గతించెను. కావేరియొడ్డున రెండువేల పై చిలుకు వోల్టులతో పుట్టిన విద్యుత్తు, ట్రాన్స్‌ఫార్మర్లలో ముప్పదివేల వోల్టులకు పైబడి, ఆనాటి ప్రపంచమందలి అతిదీర్ఘములైన వానిలో నొకటియగు ఆ తీగపై కోలారు చేరి, మరల దిగి, గనులలోని మోటార్లను త్రిప్పెను. బెంగుళూరు వీథులలో విద్యుద్దీపములు వెలుగుట మూడేండ్ల పిమ్మట, 1905లో, జరిగినది. ముందు గనియు పిదప నగరమును అను నీ క్రమమును బట్టి ఆనాటి పాలకుల దృష్టిలో శక్తి యెవరికొర కుండెనో తెలియుచున్నది. ఆంధ్రదేశమునకు స్వంతముగ ఇట్టి మహాకార్యము లభించుట కర్ధశతాబ్దము పట్టినది. ఒడిస్సాతో కలిసి కట్టిన మాచ్‌ఖండ్ కేంద్రమున 1955లో యంత్రములు తిరుగ నారంభించి, దుడుమ జలపాతపు శక్తి లక్ష వోల్టులకు పైబడిన తీగలపై కనుమలు దిగి మైదానమునకు వచ్చిన పిమ్మటనే ఉత్తరాంధ్రకు జలవిద్యుత్తు యొక్క రుచి తెలిసినది.

నేడు మన పొలములగట్ల మీద, ఊరి మొదళ్ల దిమ్మెలమీద నిలిచిన ట్రాన్స్‌ఫార్మరులోనికి పైనుండి 11,000 వోల్టుల తీగలు మూడు వచ్చును. క్రిందినుండి మూడు ఫేజులును న్యూట్రలును వెలుపలికి పోవును. రేకులు అయస్కాంతత్వముతోపాటు రవంత సాగుచు ముడుచుకొనుచు ఉండుటవలన సెకనునకు నూరుమారులు అదరి ఆ గుమ్మను మ్రోత పుట్టును. వేసవిలో మోటార్లన్నియు ఒక్కసారి నడచినప్పుడు భారము హద్దు మీరి, నూనె కాగి, చుట్టల మధ్య కాగితము నల్లబడి, ఒకనాడు అది కాలిపోయినదని రైతు కబురు తెచ్చును. నారుమళ్లు ఎండుచుండగా ఆ పెట్టెను ట్రాక్టరుమీద వేసికొని పట్టణములోని మరమ్మతు కొట్టునకు పరుగెత్తిన రైతులకు, దానిలోని ప్రతి చుట్టును ఎంత విలువైనదో ఏ గ్రంథమును చెప్ప నక్కరలేదు.

ఆ కొట్టులో పనివారు ముందుగా మూత విప్పి, మాడిన నూనెను తీసివేసి, పైవరుస రేకులను ఒక్కొక్కటిగా లాగి ప్రక్కన పేర్తురు. కాలినది రాగియు కాగితమును మాత్రమే. నడిమి యినుపరేకులు మరల పనికివచ్చును. పాత చుట్టను కోసి చుట్లు లెక్కపెట్టి, తిరుగు యంత్రముమీద కొలతచక్రపు అంకెలను చూచుచు క్రొత్తది చుట్టుదురు. హెచ్చు వోల్టేజి ప్రక్క ఫేజు చుట్టకు 11,000 వోల్టులును, తక్కువ ప్రక్క ఫేజు చుట్టకు 250 వోల్టులును గావున, తక్కువ ప్రక్క ఒక్క చుట్టునకు హెచ్చు ప్రక్క నలుబదినాలుగు చుట్లు ఉండవలెను. బిగించిన పిమ్మట హెచ్చు ప్రక్కకు 440 వోల్టుల నిచ్చి, తక్కువ ప్రక్క ఫేజునకును న్యూట్రలునకును మీటరు పెట్టుదురు; సూచి పదివోల్టుల యొద్ద నిలువవలెను. మూడు ఫేజులలో ఏ యొక్కటి తేడా చూపినను చుట్ల లెక్క తప్పినదని మరల విప్పుదురు. చుట్లు సరిపోయినను పని ముగిసినట్లు కాదు. రేకులను తిరిగి దూర్చునప్పుడు ఒక వరుస అతుకు మరియొక వరుస అతుకుమీద పడకుండ మార్చిమార్చి పేర్చి, చెక్కసుత్తితో తట్టి కొసలను కలుపవలెను. ఆత్రముతో ఆ తట్టుటను తగ్గించి, కాగితమంత సందు విడిచినను, దీపము లొక్కటియు వెలుగకముందే మీటరు ఎక్కువ ఆంపియర్లు చూపును. మేస్త్రీ బిగింపులన్నియు సడలించి, పైవరుసను మరల పేర్పించును.